మగ నలుసు

లింకన్ రికార్డు ఆఫీసులో పెన్నులు నిషిద్ధం.
కోటు, సంచీ, గొడుగు లాకర్లో పెట్టి
పెన్సిల్‌తో మాత్రమే లోపలికి రావాలి,
పురిటిగదిలోకి వెళ్తున్నట్టు చేతులు కడుక్కుని.

రిజిస్టరు కింద మెత్తటి దిండు వేస్తారు.
పేజీ లేవకుండా సీసపు గుళ్ల దండ ఒకటి
పిల్లపాములా మీద పడుకోబెడతారు.
మూడు వారాలుగా ఈ పాము కింద
ఆస్కెల్‌ఫోర్డుల చావుల్ని చదువుతున్నాను.
రోజుకింతని లాయరు ఇస్తాడు.

పదకొండో బారొనెట్టు సర్ పెరెగ్రిన్
మార్చిలో పోయాడు, సంతు లేదు.
మేడ ఎప్పుడో హోటలైపోయింది.
మిగిలింది ఆ ‘సర్’ ఒక్కటే,
తల లేని టోపీలా గాలిలో వేలాడుతూ.
ఎవరి తలకు సరిపోతుందో వెతకడం నా పని.

రాజుగారి పత్రంలో మాట ఖరాఖండీ:
అతని ఒంటి నుంచి దిగిన మగవాళ్లకు మాత్రమే.
అందుకని వంశవృక్షంలో కొడుకులకు గీతలున్నాయి,
ఆడపిల్లలకు అంకెలున్నాయి.
ముగ్గురు కూతుళ్లు. ఐదుగురు కూతుళ్లు.
ఒకచోట గుమస్తాకు విసుగొచ్చిందేమో,
‘కూతుళ్లు మొదలగునవి.’

నా సంగతి అడక్కండి.
మా అమ్మమ్మ డెర్బీలో మేజోళ్ల ఫ్యాక్టరీలో చేసింది,
అంతకు ముందు పేజీ నేనెప్పుడూ తిప్పలేదు.
హోటల్లో వండేవాడు ఇంట్లో వండుకోడు.

నాలుగో గురువారం దొరికాడు లయొనెల్,
నాలుగో సర్ గారి తమ్ముడు.
ఇంటి పుస్తకంలో: 1811, సముద్రంలో మరణం, అవివాహితుడు.
గ్రిమ్స్‌బీలో ఒక చిన్న చాపెల్ పుస్తకంలో మాత్రం
1813లో నిక్షేపంగా ఉన్నాడు, పెళ్లికొడుకై.
పక్కన వలలు అల్లే టమ్సిన్,
సంతకం బదులు ఇంటూ గుర్తు.
ఎంత గట్టిగా నొక్కిందో,
ఇప్పటికీ వేలికి తగులుతుంది.
వేలు పెట్టకూడదు. పెట్టాను.

అక్కణ్ణించి పేరు సబ్బుబిళ్లలా అరిగింది.
పీపాలు చేసేవాడు ఆస్కిల్ఫర్.
రైల్వే కూలీ స్కిల్ఫర్.
యుద్ధంలో కాలు పోగొట్టుకున్నవాడు స్కెఫర్.
ఆ కాలివాడి మునిమనవడు క్రెయిగ్,
హల్ నగరంలో లిఫ్టులు బాగుచేస్తాడు.

గ్రీజు చేతులు తుడుచుకుంటూ విన్నాడు.
“డబ్బుందా?” లేదు.
“భూమి?” ఉంది, గోల్ఫు క్లబ్బుది.
“మరి నేనేం చెయ్యాలి?”
ఏం అక్కర్లేదు, పుట్టారు కదా, అన్నాను.
నవ్వాడు. “జన్మంతా జనాన్ని పైకీ కిందికీ పంపాను,
నేనెక్కుతాననుకోలేదు.”
కాసేపాగి,
“నాకిద్దరూ ఆడపిల్లలే” అన్నాడు.

చార్టు అడుగున ఇంకా జానెడు తెల్లకాగితం.

చిన్నది, తొమ్మిదేళ్లుంటాయి, కుర్చీ మీద మోకాళ్లేసి
“నేనెక్కడ?” అంది.
పెద్దవాళ్లం ఇద్దరం టీ కప్పుల్లోకి చూశాం.
అది ఊదారంగు స్కెచ్‌పెన్ను తెచ్చి
తండ్రి కింద వంకరగా గీత లాగింది:
మార్నీ. పక్కన అక్క, టెస్.
తర్వాత పైపైకి పాకి, నేను దించుకున్న
టమ్సిన్ గుర్తు దగ్గర ఆగి
“ఈవిడకి రాయడం రాదా?” అని
దాని చుట్టూ సున్నా చుట్టింది.

లాయరుకు శుభ్రమైన ప్రతి పంపాను,
క్రెయిగ్ దగ్గర ఆపి, నియమం ప్రకారం.
డబ్బు ఇంకా రాలేదు.
ఊదారంగు అంటిన కాగితం, నా గొడుగుతో పాటు,
పదిహేడో లాకర్లో ఉంది.
పెన్నుందని దాన్ని లోపలికి రానివ్వలేదు.