రెండొందల పందొమ్మిదోసారి

కొత్తపేట సొసైటీలో సర్వరుకి ఇచ్చిన గది
అదివరకు ఎరువుల బస్తాలది.
ఇప్పటికీ తలుపు తీస్తే యూరియా వాసనే ముందొస్తుంది,
తర్వాతే నీలం దీపాలు.

ఆ రాత్రి పదకొండింటికి
లాగ్ ఫైల్లో ఎవరో తలుపు తట్టిన గుర్తులు.
ఒకే పేరు, తప్పుడు పాస్‌వర్డ్.
కాదు, అంది సర్వరు.
మళ్ళీ తప్పే. కాదు.
మళ్ళీ.
పేజీలకు పేజీలు,
గేదె తోకతో ఈగలు తోలుకున్నట్టు
కాదు, కాదు, కాదు.

ఆ తర్వాత ఒక వరసలో
అదే తప్పుకి
రండి, అంది.

నమ్మలేక నేనే కూర్చున్నాను.
పాస్‌వర్డ్‌గా మా వీధి కుక్క పేరు పెట్టి
చిన్న ప్రోగ్రాం రాసి వదిలాను.
ఫ్లాస్కు మూత తిప్పి టీ ఒంపుకునేలోగా
రెండొందల పందొమ్మిదోసారికి తలుపు తెరుచుకుంది.
తాళం విరగలేదు. గోడకి కన్నం పడలేదు.
లోపల లెక్కలో ఎక్కడో ఒక అంకె మడతపడి
తేడా ఉన్నచోట సున్నా కనపడింది, అంతే.

మా నాన్న గెడ్డం ఏసుపాదం, కాలవ లస్కరు.
వరదొస్తే ఏటిగట్టు మీద మైలున్నర ఆయనది,
లాంతరూ, గోనెసంచులూ, ఒక ఈల.
"గోదారి గట్టుని బద్దలు కొట్టదే అమ్మాయ్.
అడుగుతుంది.
ప్రతి ఎండ్రకాయ బొరియ దగ్గరా ఆగి అడుగుతుంది.
గట్టు రాత్రంతా కాదనాలి.
ఏటికి ఒక్క ఊఁ చాలు."

తెరుచుకున్న తలుపు లోపల
నాలుగువేల నూట పన్నెండు మంది
ఖాతా నంబర్లు మెళ్ళో వేసుకుని నిలబడి ఉన్నారు.
ఎవరినీ వెతకలేదంటే అబద్ధం.
మట్టా సువార్తమ్మ. కౌలు. ఎకరం ముప్పావు.
బకాయి ముప్పై ఎనిమిది వేల నాలుగొందలు.
ఆ చేను నాకు తెలుసు.
నాట్లేసిన వారానికే పదకొండు రోజులు నీళ్ళ కిందుండి
జ్వరమొచ్చిన తల జుట్టులా
పట్టుకుంటే ఊడొచ్చింది.

ఒక్క వరస రాస్తే చాలు, సున్నా.
దొంగ ఎలాగూ వచ్చెళ్ళాడు,
వాడి మీదకి పోతుంది.
కర్సరు కొట్టుకుంటోంది.
నా వేళ్ళు అక్కడ ఎంతసేపున్నాయో
ఏ లాగ్ ఫైలూ రాయదు.
తట్టినవన్నీ రాస్తుంది గానీ
తట్టకుండా నిలబడ్డది దానికి తెలీదు.

లేచి వైరు పీకేశాను.
కొత్త వెర్షను ఫోన్లోకి దింపుతుంటే
నలభై శాతం దగ్గర వాన పట్టుకుంది, సిగ్నలు పోయింది.
గోడౌను అరుగు మీదకెళ్ళి
చూరు కింద ఫోనెత్తి పట్టుకుని
చెయ్యి మార్చి చెయ్యి మార్చి నించున్నాను.
అవతల రోడ్డు మీద సైకిలాయన ఆగి
ఏం పోగొట్టుకున్నావమ్మా అనడిగాడు.

ఆరింటికి మళ్ళీ వదిలాను కుక్క పేరు.
పదివేల సార్లు.
పదివేలూ కాదు.

తొమ్మిదిన్నరకి సెక్రటరీ చిక్కం భాస్కరరామం గారు.
"ఏవమ్మా ఎస్తేరూ, రాత్రంతా లైటేసుందంట?"
చెప్పాను.
"ఏం పోయింది?"
"పోయినట్టు లేదండి. మొత్తం చదువుకుని వెళ్ళాడండి."
"చదివితే అరుగుతుందా?"
"ఆయ్, అరగదండి."
ఆయన ఫ్యానేసుకుని పేపరు తీశారు.
ఓవర్‌టైము కాగితం నా బ్యాగులోనే ఉండిపోయింది.

పదింటికి మొదటి మనిషి సువార్తమ్మే.
చీర కుచ్చెళ్ళకి బురద,
కొంగు ముడిలో తడిసిన పాసుపుస్తకం.
వడ్డీతో ఎంతయ్యిందో చెప్పు తల్లీ, అంది.

చెప్పాను,
పైసలతో సహా.