కాలువ కట్టేసిన రోజు

ఏప్రిల్ నెల్లో ధవళేశ్వరం నుంచి కబురొస్తుంది.
తాళంచెవి పట్టుకుని లాకు మీది కెక్కుతాను.
చక్రం మూలుగుతుంది. ముప్పై ఏళ్ల లస్కరుని,
ఆ మూలుగులో ఏ పన్ను అరిగిందో చెప్పగలను.
తలుపులు దిగుతాయి.
ఒకనాడు మొలలోతు, మర్నాడు చీలమండలోతు,
మూడోనాటికి కాలువకి అడుగు కనబడుతుంది.

ఆ ఏడు అడుగున ఏం కనబడిందో చెబుతాను.
సొట్టబిందె. నాలుగు చెప్పులు, వేటికీ జతలేదు.
మట్టి కరిగిపోయిన వినాయకుడి గడ్డి నడుం.
మైకుపెట్టె ఒకటి, నోటినిండా బురద.
ఇంకా, రాళ్లు.
కార్తీకంలో వంతెన మీంచి
ఇటువాళ్లు అటూ, అటువాళ్లు ఇటూ విసిరినవి,
గురితప్పి నీళ్లలో పడ్డవి.
పాచి పట్టాక
ఏ రాయి ఏ వీధిదో ఆనవాలు లేదు.

గురి తప్పనిది ఒకటే.
దేవసహాయం కొడుకు కనుబొమ మీద ఏడు కుట్లు.
ఆ తర్వాత వంతెన మీద పోలీసు కుర్చీ,
సుభాన్‌బీ ఇడ్లీబండి ఈవలే ఆగిపోయింది.
శాంతి కమిటీ అని ఎమ్మార్వో ఆఫీసుకి పిలిచారు.
టీ తాగారు, సంతకాలు పెట్టారు,
వచ్చిన దారుల్లోనే విడివిడిగా పోయారు.

చేపకి కమిటీ లేదు.
నీరు తగ్గితే గుంటలో చేరుతుంది.
చేప చేరిన గుంటలోకి దిగకుండా
గోదారోడు ఉండలేడు.

పేట నుంచి బుల్లెబ్బాయి ఊతతో దిగాడు.
పెద్దవీధి అబ్బులు, వాళ్లావిడ చూడకుండా, దోమతెరతో.
ఒకటే గుంట, ఒకటే కొరమేను.
వాడి చేతిలోంచి జారి వీడి కాళ్లమధ్య దూరింది.
వీడు పట్టబోయి బురదలో కూలబడ్డాడు.
ఎవరు ముందు నవ్వారో, అన్నీ చూస్తానని పేరున్న నేను
అది మాత్రం చూడలేదు.

మధ్యాన్నానికి ఎనభై మంది.
రొయ్యల ఫ్యాక్టరీ షెడ్ల నుంచి ఒడియా వాళ్లొచ్చి
గట్టు మీదే నిలబడ్డారు.
కాళంది అనే కుర్రాడు "మాఛొ, మాఛొ" అన్నాడు.
మాట తెలియలేదు గానీ
చేతులు బార్లా చాపి చూపించాడు చూడండి,
ఏ భాషలోనైనా తప్పిపోయిన చేప అంతే ఉంటుంది.

పంపకాలు తెగలేదు. ఇక్కడే వండేద్దామంది బులిమంగ.
"ఇది మీ వీధీ కాదు, మా పేటా కాదు. ఇరిగేషనోళ్లది."
అందరూ నావైపు తిరిగారు.
సర్కారు తరఫున ఊ కొట్టాను.

పొయ్యికి రాళ్లు కావాలి. అక్కడున్నవి అవే.
అయిదు పొయ్యిలు, పదిహేను రాళ్లు.
మిగతావి ఎక్కడివక్కడే ఉన్నాయి.

అసలు గొడవ అప్పుడు మొదలైంది, మామిడికాయా చింతపండా అని.
సుభాన్‌బీ గరిట వదల్లేదు.
ఒడియా బసంతి ఆవాలు నూరుకొచ్చి ఒక దాకలో కలిపేసింది.
"చేపకి ఆవ పెట్టడమేంటమ్మా" అని బులిమంగ
వేలు పెట్టి నాకి,
ఇంకోసారి నాకింది.

వీర్రాఘవులుగారు గట్టు దిగలేదు.
తన గ్లాసు తాను తెచ్చుకుని పైనే కూర్చున్నారు.
చీకటి పడ్డాక మనవరాలి చేత గిన్నె పంపించారు,
పులుసు చాలు, ముక్క వద్దని.
దేవసహాయం రెండు ముక్కలేశాడు.
గిన్నె వెనక్కి రాలేదు.

ఆయన కొడుకు ఎవరితోనూ మాట్లాడలేదు.
కూర్చుని తిన్నాడు.
కారానికి కుట్ల మీద చెమట పట్టింది.
అబ్బులు మంచినీళ్ల చెంబు వాడి పక్కన పెట్టి,
ఏమీ అనకుండా దూరంగా పోయాడు.

జూన్ ఒకటిన నీళ్లొదలాలి.
అడుగున అడ్డాలుంటే తీయించాలని రూలు.
పొద్దున్నే లాంతరు పట్టుకుని నడిచి చూశాను.
పదిహేను రాళ్లు, మసి పట్టి,
మూడేసి చొప్పున, ఎలా ఉన్నవి అలాగే.

రిజిస్టరులో రాశాను: అడ్డేమీ లేదు.
చక్రం తిప్పాను.