నాకు ముందు అతుకు వేసినవాడికి

నువ్వెవరో నాకు తెలీదు.
బండి పుస్తకంలో నాకు ముందు ఐదు పేర్లున్నాయి,
వాటిలో నీదేదో తేల్చుకోలేను.
నీ చేతిని మాత్రం ఎక్కడైనా గుర్తుపడతాను:
తలుపు కింద బొటనవేలి మందాన పుట్టీ,
పుట్టీ మీద నారింజ రంగు, రంగు మీద మైనం మెరుపు.
పైన పటారం.
స్క్రూడ్రైవర్ పిడితో ఇలా తట్టానో లేదో
లోన లొటారమంతా నా బూట్ల మీద రాలింది,
తడిసిన కాఫీపొడిలా.

జనవరి. గ్రిమ్స్‌బీ. ఇంటి వెనక సందులో
కారు పడితే మనిషి పట్టని గరాజు.
హంబర్ మీంచి వచ్చే గాలికి
ప్రతి తలుపు సందూ తెలుసు.
ముప్ఫై ఏళ్లు చేపల ఓడల పొట్టలు గోకినదాన్ని,
తుప్పుతో నాది పాత పరిచయం.
దానికి తొందర లేదు. తడి నిలిచే చోటు చూసుకుని కూర్చుంటుంది.
కూర్చుందా, అప్పిచ్చినవాడిలా ఇక లేవదు.

పక్కింటి వెర్నన్ టీ కప్పుతో వచ్చి
బండి చుట్టూ ఒకసారి తిరిగి
"తుక్కుకి వేసెయ్, థెల్మా" అన్నాడు.
ఆరేళ్లుగా ప్రతి శనివారం అదే మాట, అదే కప్పు.

పైకప్పు లేని బండికి వెన్నెముక పక్కల్లో ఉంటుంది,
తలుపుల కింద, ఆ రేకుపెట్టెలో. సిల్ అంటాం మేం.
అందుకే ముందు తలుపు చోటుకి అడ్డంగా ఇనుప కడ్డీ బిగించాను.
లేకుంటే కోసిన క్షణాన బండి నడుం జారుతుంది,
తలుపు ఈ జన్మలో మూసుకోదు.
తర్వాత గ్రైండర్.
పుట్టీ కింద రివెట్లు, రివెట్ల కింద
బిస్కట్ డబ్బా మూత!
గొర్రెల కుక్క బొమ్మ, ఒక చెవి ఇంకా నల్లగా ఉంది.

తిట్టాను నిన్ను.
డాక్‌లో నేర్చినవన్నీ వరసపెట్టి తిట్టాను.
మనిషి ప్రాణం పెట్టుకుని కూర్చునే బండికి
బిస్కట్ మూతా?

మూత వెనక కుక్కిన కాగితం ముద్ద.
హీటర్ మీద ఆరబెట్టి పొరలు విడదీస్తే
ఎనభై నాలుగు, నవంబరు.
మొదటి పేజీలో బొగ్గు గనుల సమ్మె, తొమ్మిదో నెల.
నాలుగో పేజీ అంచున పెన్సిలు లెక్క:
పాలు, గ్యాసు, పాప బూట్లు.
చివర 'బండి పరీక్ష' అని రాసి
ఎదురుగా అంకె వెయ్యలేదు.

చాలాసేపు పీట మీదే కూర్చున్నాను.
అమ్మేయొచ్చు కదా, అనుకున్నాను.
సరదా బండి, రెండే సీట్లు, పాపనెక్కడ కూర్చోబెట్టావు?
సీట్ల వెనక ఇరుకు అరలోనా, దుప్పటి పరిచి?
కొనేవాళ్లు దొరకలేదా, నీకే చేతులు రాలేదా?
తిట్లలో సగం వెనక్కి తీసుకున్నాను.
మిగతా సగం ఉంచాను,
ఆ మూత మీదుగానే కదా పాప తిరిగింది.

మంచి రేకు తగిలేదాకా కోస్తూ పోయాను.
మంచి రేకు గొంతు వేరు, సుత్తికి ఠంగుమంటుంది.
తుప్పు 'తప్' అని ఊరుకుంటుంది.
పాత రేకుని అతకడం ఓపిక పని:
మంట క్షణం ఎక్కువైతే కన్నం, తక్కువైతే పట్టదు.
ఇక్కడో చుక్క, జానెడు అవతల మరో చుక్క,
చిరుగుకి ముందు పిన్నీసులు పెట్టినట్టు,
చల్లారనిచ్చి మళ్లీ మధ్యలో.
చేతి తొడుగులోంచి ఒక రవ్వ దూరి మణికట్టు మీద ముద్రేసింది.

నాలుగో శనివారం కడ్డీ విప్పాను.
ఊపిరి బిగబట్టి తలుపు వేశాను.
టక్. ఒకటే చప్పుడు.
వెర్నన్ కప్పు దించి "ఊఁ" అన్నాడు.
వెర్నన్‌కి అది ఉపన్యాసం.

ఎడమ ముందు రెక్క అడుగున మాత్రం,
బరువు మొయ్యని చోటే, ఒట్టు,
సిలిండర్లో గ్యాసు అయిపోయి, వాన మొదలై, చీకటి పడి
చిటికెన గోరంత కన్నం మిగిలిపోయింది.
కాస్త పుట్టీ కలిపాను.
వేలితో అద్ది, నునుపు చేసి, రంగు కూడా వేశాను.

వెర్నన్‌కి చెప్పలేదు.