చెరిపినంక తిరిగిన కిలోమీటర్లు

స్టీరింగు కింద, మోకాలి చిప్పకు తగిలే చోట
పదహారు రంధ్రాల సాకెట్ ఒకటుంటది.
మస్తుమంది ఓనర్లకు అదున్నట్టే ఎరుక లేదు.
టార్చి పండ్ల నడుమ కరిచి, పక్కకు ఒరిగి
కేబుల్ దాంట్ల గుచ్చిన.

లాప్‌టాప్ కోఠిల కొన్న పాతది.
బ్యాటరీ సచ్చింది, వైరు పీకితే సొమ్మసిల్లుతది.
ఎంటర్ మీట మీద గ్రీజు వేలిముద్ర.
నాది గాదు, ముందు పనిచేసిన పోరనిది.
వాడిప్పుడు మాల్ అంగడి కాడ ఫోన్ల దుకాణం పెట్టిండు.

జానయ్య బయట డ్రమ్ము మీద కూసున్నడు.
టీ చల్లారింది, తాగలే.
మల్లేపల్లి చౌరస్తా దుమ్మంత
ఆయన ఎడమ బుజం మీదనే వాలినట్టుంది.
కారు ఆయనది గాదు, పత్తిమిల్లు సేటుది.
పొద్దుగాల తాడు కట్టి గుంజుకొచ్చిండ్రు.

"అరవై దాటలే అన్నా, అమ్మతోడు" అన్నడు,
నేను అడగకముందే.
వదులైన టప్పెట్ గూడ గంతే,
ఎవలడగకున్నా చప్పుడు జేస్తది.

తెర మీద చక్రం తిరిగి తిరిగి కోడొచ్చింది:
పీ సున్న రెండు ఒకటి ఏడు.
ఇంజను కాగిపోయిందని దానర్థం.
అది బానెట్ ఎత్తితేనే తెలిసింది నాకు.
రేడియేటర్ మూతి చుట్టూ తెల్లగ, గట్టిగ పొలుసు.
ఏండ్ల సంది బోరు నీళ్లే పోసిండ్రు.
ఈ దిక్కు నీళ్లు యాడ నిలిస్తే ఆడ రాయైతయి.
మా నాయన మోకాళ్లు అట్లనే అయినయి.
నా పండ్లు జూడు.

కోడు కింద ఇంకో పేజీ ఉంటది.
తప్పు జరిగిన గడియల
బండి ఒక్క ఫోటో తీసి దాచుకుంటది.
వేగం నూట ఇరవై ఒకటి.
నీళ్ల వేడి నూట పద్దెనిమిది.
పెడల్ తొంభై ఆరు వంతులు,
అంటే కాలు అడుగుకు ఆనింది.

తెర ఆయన దిక్కు తిప్పిన.
జానయ్యకు ఇంగ్లీషు రాదు, అంకెలొచ్చు.
జరసేపు చూసి, నాకు గాదు, ఆ తెరకే చెప్పిండు:

"చింతపల్లి ఇవతల స్టేజి కాడ ఒక పిల్ల.
చేతుల హాల్‌టికెట్టు. బస్సు రాలే.
ఎనిమిదిన్నర దాటింది.
నిమిషం లేటైనా గేటు తియ్యరు గదా దేవరకొండల.
ఎవల పిల్లనో, పేరు గూడ అడగలే.
వెనక సీట్ల కూసొని దారంత
పెదాలు కదుపుకుంట ఏదో సదువుతుంది.
నేను అద్దంల చూస్తున్న.
ఆ పెదాలు ఆగినప్పుడల్లా నా కాలు కిందికి దిగింది."

"అందిందా మరి?"

"ఏమో. దిగి ఉరికింది.
బానెట్ల నుంచి పొగొస్తుంటే నేను అటు చూసిన.
మళ్ల తిరిగెసరికి గేటు మూసుంది.
లోపలుందో, బయట ఏడ్చేటోళ్లల్ల ఉందో."

ఫోన్ మోగింది. సేటు.
"కంప్యూటర్ పెట్టినవా?
ఎంత స్పీడు తోలిండో దాంట్ల పడతదట గదా?"

నూట ఇరవై ఒకటి నా కండ్ల ముందే ఉంది.
ఎందుకనే గడి మాత్రం ఆ పేజీల లేదు.

"రేడియేటర్ బందైంది సేటూ, బోరు నీళ్లకు" అన్న.
అబద్ధం గాదు.

చెరపాల్నా? అని అడిగింది మిషిని.
ఆ పోరని వేలిముద్ర మీద
నా వేలు ఆనిచ్చిన.

డాష్‌బోర్డు మీద దీపం ఆరింది.
జానయ్య చల్లటి టీ ఒక్క గుక్కల తాగిండు.

ఆయనకు చెప్పని ముచ్చటొకటుంది.
బండి ఇంకో లెక్క రాసుకుంటది:
చెరిపినంక తిరిగిన కిలోమీటర్లు.
ఇప్పుడది సున్న.
రేపు షోరూంల ఎవడన్న కేబుల్ గుచ్చితే
ఏం మరిచిందో చెప్పదు గని
ఎవడో మరిపించిండని చెప్తది,
ఎంత దూరం ఎనకనో గూడ.
సేటు ఆ పేజీ దాక పోడనుకుంట.
పోతే పోనీ.

రేడియేటర్ ఇప్పి పొలుసు గీకుతున్న.
పన్నెండున్నరకు దేవరకొండ బస్సొచ్చి ఆగింది,
నిండ పరీక్ష పిల్లలు,
వచ్చినయి రానియి ఒక్కసారే చెప్పుకుంటున్నరు,
కిటికీకి ముగ్గురు, అందరి పెదాలు కదులుతున్నయి.

జానయ్య గ్లాసు పట్టుకొని లేచి
ముందు కిటికీ కాడికెల్లి మొదలువెట్టిండు.