కడ్డీ చెప్పే అబద్ధం

సీట్లో కూర్చుంటే బకెట్ వీపు కనిపిస్తుంది,
మూతి కనిపించదు.
ఆ ఉక్కు పెదవి నేలను తాకుతోందో, కొరుకుతోందో
ఇక్కణ్ణుంచి చెప్పడం ఎవరి తరం?

మా పుదస్‌యార్విలో అక్టోబరుకే మంచు.
ట్రాక్టరు కొన్న మొదటి చలికాలం
తెల్లగా ఉందంతా మంచే అనుకొని తోశాను.
మే నెలలో కరిగాక చూస్తే
దారి కంకరంతా కందకంలో, బురదంతా దారిలో.
పాల ట్యాంకర్ డ్రైవరు తలుపు తీసి, కిందికి చూసి
దిగకుండానే వేసుకున్నాడు.

పక్క పొలం తౌనో మాటలు పొదుపుగా వాడే మనిషి.
కందకం చూశాడు. నన్ను చూశాడు.
"ముక్కు వంగింది" అన్నాడు.
ఇంటికి వెళ్ళి వెల్డింగ్ మెషిన్ తెచ్చాడు.

బకెట్ వీపుకి ఒక కడ్డీ, లోడరు చేతికి ఒక గొట్టం,
గొట్టంలో జారే కడ్డీ కొసన ఎర్ర రంగు.
ఎరుపు గొట్టం అంచుకి సరిగ్గా వస్తే సమం.
బయటికి పొడుచుకొస్తే మూతి లేచినట్టు,
లోపలికి మునిగితే తవ్వుతున్నట్టు.
"చెయ్యి పైకెత్తావా, ఈ లెక్క చెల్లదు.
కిందున్నప్పుడే ఇది నిజం చెబుతుంది."
ఏడాదికి సరిపడా మాట్లాడేశానని కాబోలు
కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

మూడో చలికాలం బకెట్ మీంచి ఒక బిర్చ్ దుంగ
వెనక్కి దొర్లి కడ్డీ మీద పడింది.
వంగింది. రెండు వేళ్ళ వెడల్పు అబద్ధం.
బాగుచేయిస్తానులే అనుకున్నాను, చేయించలేదు.
అప్పటికే నాకు వేరే గుర్తులు వచ్చేశాయి:
అంచు నేలలో దిగితే ముందు చక్రాలు తేలికై
స్టీరింగు చేతిలో దూదిలా తిరుగుతుంది.
బల్లపరుపుగా జారితే గడ్డకట్టిన నేల మీద
పొడుగ్గా ఒకే ఒక్క గీత చప్పుడు.
నడుము కిందనుంచి వచ్చే ఆ వణుకుని చదవడం
ఎప్పుడు నేర్చానో నాకే తెలీదు.
ఎర్ర చుక్క వైపు చూస్తూనే ఉన్నాను,
నమ్మడం ఎప్పుడో మానేశాను.

మోకాలి ఆపరేషనుకి ఊలు వెళ్ళాను, ఐదు వారాలు.
నా బదులు ఆవుల్ని చూసుకోడానికి మిస్కా వచ్చాడు,
ఇరవై రెండేళ్ళవాడు, బుద్ధిమంతుడు.
దూడల పేర్లన్నీ కాగితం మీద రాసిచ్చాను.
ఏ తలుపు బిగుసుకుంటుందో, ఏ ఆవు తంతుందో.
కడ్డీ సంగతి రాయలేదు.
మనసులో లేదు మరి, ఒంట్లో ఉంది.

తిరిగొచ్చేసరికి దారి తెల్లగా, చక్కగా.
మంచు కరిగాక కందకం నిండా కంకర.

"చుక్క చూసే నడిపాను" అన్నాడు మిస్కా ఫోన్లో.
నిజమే. తప్పు చుక్కది కూడా కాదు.
ఇంకా వంగని మోకాలితో షెడ్డులోకి వెళ్ళి
బకెట్ నేల మీద సమంగా పరిచి
కూతురు వదిలేసిన గోళ్ళరంగు సీసా తీసి
పాత ఎరుపుకి రెండు వేళ్ళ అవతల
ఊదారంగు గీత పెట్టాను.

ఇది నిజం. ఇంకో దుంగ పడేదాకా.