ఏడో ట్యాంకు

కాంటీనా అంటే క్యాంటీన్ అనుకున్నాను.
ట్రెవీజో దాటిన కొండదారిలో వ్యాను దిగి
వేడన్నం వాసన కోసం ముక్కు చాపాను.
లోపల అన్నం లేదు.
చల్లటి సిమెంటు మీద ఆరు స్టీలు ట్యాంకులు,
ఏడోది ముక్కలుగా పడుకుని ఉంది
నా కోసం.

కంచిలిలో గేట్లూ గ్రిల్లులూ అతికిన చెయ్యి,
మస్కట్‌లో మూడేళ్ళు పైపులు అతికిన చెయ్యి.
ఇక్కడ అతకాల్సింది గాలిని, అని
బుగ్గలు పూరించి చూపించాడు ఫోర్‌మన్.
ద్రాక్షరసం ఈ కడుపులో
నెల రోజులు ఊపిరి బిగబడుతుందట,
ఆటో టైరుకి రెండింతల గట్టి ఊపిరి.
ఎక్కడైనా సూదిమొనంత జారిందా,
మిగిలేది ఉత్త పుల్లనీళ్ళు.

మోకాళ్ళ మీద కూచుని
అతుకు వెనక ఆర్గాన్ పట్టించి
పూటకో మూర.
తేనెరంగు తేలితే పాసు.
నీలం తిరిగితే కోసేసి మళ్ళీ మొదలు.
నాకు రెండుసార్లు నీలం తిరిగింది:
ఒకటి జ్వరానికి,
రెండోది, తిత్లీ తుపానుకి
మా తోటలో ఎన్ని కొబ్బరిచెట్లు ఒరిగాయో
మా ఆవిడ ఫోనులో లెక్క చెప్పిన మర్నాడు.

యజమానురాలు ఒర్నెల్లాకి డెబ్బై దాటాయి.
పొద్దున్నే వచ్చి బ్యాంకువాణ్ణి తిట్టి
తర్వాత మమ్మల్ని పలకరించేది.
చివరి రోజు ఒక సీసా నా చేతిలో పెట్టింది.
నీ ట్యాంకుది కాదు, పాతవాటిది, అంది.
నీ దాంట్లోకి రసం రావాలంటే
పంట కొయ్యాలి కదా.

లుంగీలో చుట్టి, సీసాని
పసిపిల్లలా మోసుకొచ్చాను కంచిలి దాకా.
షెడ్డులో తీగ విప్పాను.
బిరడా ఎగిరి రేకుకి కొట్టుకుని
మా కుక్క ఆ పూటకి మాయం.

దండాసి మావ తాగలేదు ముందు.
గ్లాసు చెవికి ఆనించుకున్నాడు.
రోడ్డు మీద లారీ హారన్ కొడితే కసురుకున్నాడు.
తాడిచెట్టు మీద
నిండిన లొట్టి ఇలాగే మాటాడతాదట
పొద్దు పొడిచే వేళ.

"ఎవుడు గీసినాడ్రా ఇది, ఢిల్లేసూ?"
ఎవరూ గియ్యరు మావా. అది తీగ. మనిషి ఎత్తే ఉంటుంది.
"చెట్టెక్కరేటి?"
ఎక్కరు.
"మరి పడిపోతే?"
నేల మీదే నడుస్తారు మావా, ఎక్కడ పడతారు.

చాలాసేపు మాటాడలేదు.
నలభై ఏళ్ళు మోకు ఒరుసుకున్న నడుం మీద
చర్మం నున్నగా, పాలిష్ పట్టిన రేకులా.
మెల్లగా ఒక గుక్క.
కళ్ళు మూసి ఇంకోటి.
"బాగుంది గాని అల్లుడూ,
బయిం లేదు దీంట్లో."

చెప్పబోయాను.
ఆర్గాన్‌కి వాసన ఉండదని,
నిద్రలా వచ్చి అడుగు నుంచి నిండుతుందని,
అదే కడుపులో నాకు ముందు పూట పనిచేసిన
రొమేనియా కుర్రాడు ఇయోన్‌ని
కాళ్ళు పట్టి బయటికి లాగామని,
బతికాడు గాని
ఆ తర్వాత లిఫ్టు కూడా ఎక్కేవాడు కాదని.
గ్లాసులో పైకి లేస్తున్న బుడగలు చూస్తూ
ఊరుకున్నాను.
మావ రేపు పొద్దున్న ఎక్కాలి,
ఇలాంటి మాటలు ఎక్కే మనిషికి చెప్పకూడదు.

పంట ఈపాటికి కోసే ఉంటారు.
ఏ పెదవికన్నా ముందు
నా అతుకుని తాకి ఉంటుంది ఆ రసం.
దాని రుచి నాకు తెలీదు.

బిరడా మీది తీగ చిక్కాన్ని
మావ తీసుకుని రొంటిన దోపుకున్నాడు.
తేనెటీగలు పడకుండా లొట్టి మూతికి కట్టుకుంటాడట.
గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి,
"దీన్నేటంటారన్నావు?"
ప్రొసెక్కో.
"పోసెక్కో..."
నోట్లో రెండుసార్లు తిప్పుకుని
పగలబడి నవ్వాడు.
"పోసుకుని ఎక్కమని పేర్లోనే ఉంది కదేటి!
చెట్టెక్కరంతావు."