అర లీటరు

స్టీలు చెంబు లోపల
మేకుతో మూడు గీతలు గీశాను.
పొద్దుటికొకటి, మధ్యాహ్నానికొకటి,
రాత్రికీ మాత్రలకీ కలిపి ఒకటి.
రోజుకి అర లీటరు. అంతకు మించొద్దన్నారు సోంపేటలో.

చుట్టూ కొబ్బరితోటలు.
ఒక్కో చెట్టూ నెత్తిన ఇన్నిన్ని నీళ్లు మోస్తూ నిలబడుంటుంది.
ముప్పయ్యేళ్లు ఆ చెట్లెక్కి గెలలు దింపిన ఫిలేమోను
ఇప్పుడొక్క బొండం ముట్టకూడదు.

మంగళ, గురు, శని
చీకటితోనే ఆటో.
నాలుగు గంటలు మిషను పక్కన అతను,
గుమ్మం పక్కన నేను.
ఒంట్లో రక్తం గొట్టంలోంచి బయటికెళ్లి
స్నానం చేసొచ్చినట్టు ఇంటికి తిరిగొస్తుంది.
రక్తంతో కడగబడ్డామని చిన్నప్పట్నించీ పాడినదాన్ని,
రక్తాన్నే కడగాల్సొస్తుందని
ఎవరూ చెప్పలేదు.

మొదటేడు స్వస్థత అడిగాం.
ఉపవాసాలున్నాం, నూనె రాయించుకున్నాం,
పలాస కూటాల్లో ఇసుకలో మోకాళ్లూనాం.
రెండో ఏడు అడిగేది తగ్గింది.
ఇప్పుడతని ప్రార్థన ఇంతే:
"పెబువా, మిషను మీదున్నంత సేపూ
కరెంటు పోనీకు."

నేను అలిగాను.
జీడిపిక్కలు కొట్టి కొట్టి వేళ్లు నల్లబడ్డట్టు
లోపలేదో నల్లబడింది.
వానాకాలమంతా చర్చిలో పెదాలు కదిపాను, పాడలేదు.
ఓ ఆదివారం అయ్యగారు చేదునీళ్ల వాక్యం చెప్పారు,
కొమ్మ నరికి వేస్తే నీళ్లు మధురమయ్యాయని.
మా వీధి బోరింగు గుర్తొచ్చింది.
దాన్లో ఏ కొమ్మ వెయ్యమంటారు అయ్యగారూ
అని అడుగుదామని లేచి
చెప్పులేసుకుని ఇంటికొచ్చేశాను.
మా వీధిలో పదకొండు ఇళ్లు.
అయిదిళ్లకి సోంపేట దారి తెలుసు.
అందులో అయ్యగారిల్లొకటి.

అతని పక్క మంచం అప్పలనర్సమ్మ మొగుడిది.
"ఏటే తబితా, అన్నన్ని పార్దనలు సేస్తావు,
మీ దేవుడేటి, సెవిటోడా?"
వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగింది.
ఒక్క టీ కొని రెండు గ్లాసుల్లో పోసుకున్నాం.
చల్లారే దాకా వెతికితే దొరికిన జవాబు:
"ఏటో అప్పా, ఇంటన్నాడనే అనుకుంటన్నాను."

నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల.
ఆ పొద్దు మొదటి గీత పూర్తిగా తాగడతను.
పెదాలు ఎండి చిట్లి ఉంటాయి.
తాగవయ్యా అంటే,
"పెబువు గిన్నెకి సోటుండాలి గదా."
గోరంత గిన్నె అది.
దానికి ఇతను ఒళ్లంతా ఖాళీ చేసి పెడతాడు.
నేను అందుకోక ఎనిమిది నెలలు.
వరస నా దాకా వచ్చేసరికి తల దించుకుంటాను.
గిన్నె నా మీంచి పక్కావిడకి వెళ్లిపోతుంది.

ఈ ఆదివారం సాక్ష్యాల వేళ
ఒకరికి కోర్టు కేసు కొట్టేశారు,
ఒకరికి కడుపులో గడ్డ కరిగింది.
స్తోత్రాలు రేకుల కప్పుకి తగిలి మోగాయి.
ఎందుకు లేచానో తెలీదు, లేచి నిలబడ్డాను.
"ఈ వారం మూడుసార్లు సోంపేట వెళ్లాం.
మూడుసార్లు తిరిగొచ్చాం."
ఇంకేదో ఉండాలనుకున్నాను. రాలేదు.
కొంగు సర్దుకుని కూర్చున్నాను.

కాసేపు ఫ్యాను చప్పుడే.
తర్వాత, ఆడవాళ్ల వరసలోంచి కాదు,
అయ్యగారి కుర్చీ వైపు నించి
గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు
ఒక ఆమెన్.

ఇంటికొచ్చి చెంబు తీశాను.
బల్ల దగ్గర తాగింది లెక్కలోంచి తియ్యాలి.
గీతదాకా పోసి
చెంచాడు నీళ్లు వెనక్కి తీశాను.
"ఏటి సూస్తన్నావు?" అన్నాడు మంచం మీంచి.
ఏం లేదన్నాను.

ఆ చెంచాడూ పారబొయ్య బుద్ధి కాలేదు.
గోడ వైపు తిరిగి
నేను తాగాను.